రాతలేని కీబోర్డు

మా మేనల్లుడు బెంగుళూరు నుంచి వస్తూ వస్తూ నాకొక కీబోర్డు పట్టుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది. సన్నికల్లంత బరువుంది. పెట్టెలోంచి తీసి బల్లమీద పెట్టి, నేనేమంటానో అని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను. ఒక్క కీ మీదయినా ఒక్క అక్షరం ఉంటే ఒట్టు! అంకెల్లేవు, కామాల్లేవు, ఫుల్‌స్టాప్ లేదు. ఎవరో పలక తుడిచి పెట్టినట్టుంది.

“ఇదేమిట్రా, అచ్చు వెయ్యడం మరిచిపోయిన సరుకు నీకు అంటగట్టాడా?” అన్నాను.

“అదేం కాదత్తా, కావాలనే అలా చేస్తారు. చూడకుండా టైపు చేసేవాళ్ళకి ప్రత్యేకం. నువ్వు కీబోర్డు వంక చూడనే చూడవుగా!” అన్నాడు.

పొగడ్తకి లొంగని ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. మగవాళ్ళనీ చూడలేదనుకోండి. సరే, పాత కీబోర్డు అటకెక్కింది, ఇది బల్లెక్కింది. నాలుగు నెలలు దానితో కాపురం చేశాను. రాస్తున్న నవల సగం దానిమీదే నడిచింది. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఏ అబ్బాయో, అమ్మాయో “ఇలాంటిది కొందామమ్మా” అని నస మొదలుపెట్టి ఉంటే, ఇది చదివాక బీరువా తాళం తియ్యండి.

అసలు సంగతేమిటంటే, ఆ పెట్టెలో వచ్చింది ఒక వస్తువు కాదు, రెండు. మెకానికల్ కీబోర్డు ఒకటి. అక్షరాలు లేకపోవడం రెండోది. ఈ రెంటినీ ఒకటిగా కలిపి, ఒకే గొప్పగా చెప్పి అమ్ముతారు. చీర కొనేటప్పుడు చీర సంగతి వేరు, అందులో వచ్చే జాకెట్టు ముక్క సంగతి వేరు అని మనం చూసుకోమూ? ఇదీ అంతే.

మెకానికల్ సంగతి ముందు చెప్పేస్తాను, దాంట్లో నాకు తగువు లేదు కనుక. మామూలుగా కంప్యూటరుతోపాటు వచ్చే కీబోర్డుల్లో కీల అడుగున ఒక రబ్బరు పొర ఉంటుంది. కీ నొక్కితే రబ్బరు బుడిపె అణిగి, దాని కింద ఉన్న పొరలు కలుసుకుని అక్షరం పడుతుంది. కొత్తలో బాగానే ఉంటుంది. రెండేళ్ళు తిరిగేసరికి మెత్తబడ్డ అప్పడాన్ని నొక్కినట్టుంటుంది. మెకానికల్ దాంట్లో ఏ కీకి ఆ కీయే. ప్రతిదానికీ సొంత స్విచ్చి, సొంత స్ప్రింగు. చెర్రీ అనే కంపెనీ 1980లలో తెచ్చిన స్విచ్చిలే ఈనాటికీ చాలామందికి ఒరవడి. నీలం రంగుది నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది. గోధుమ రంగుది టిక్కుమనదు గాని, వేలికి చిన్న గుబ్బ తగిలినట్టు తెలుస్తుంది. ఎర్రది ఏమీ అనకుండా సాఫీగా దిగిపోతుంది. కీ మొత్తం నాలుగు మిల్లీమీటర్ల దాకా దిగుతుంది గాని, ఇంచుమించు సగం దిగేసరికే అక్షరం పడిపోతుంది. అంటే అడుగు తగిలేదాకా బాదక్కర్లేదన్నమాట. ఈ ముక్క నా వేళ్ళకి ఎక్కడానికి రెండు వారాలు పట్టింది. ఎక్కాక మాత్రం, సాయంత్రమయ్యేసరికి మణికట్లు లాగడం తగ్గింది. ఇది నా అనుభవమే గాని వైద్య సలహా కాదు.

నాకు వచ్చింది నీలం స్విచ్చిలది. ఓ అర్ధరాత్రి రాసుకుంటూ ఉంటే పక్కగదిలోంచి మావారు “ఈ వేళప్పుడు వడియాలు వేయిస్తున్నావేమిటి?” అన్నారు. మీరు గోధుమ రంగుది కొనుక్కోండి. కాపురాలు నిలుస్తాయి.

రోజుకి రెండు మూడు గంటలు రాసే పనున్నవాళ్ళు మెకానికల్ కీబోర్డు మీద పెట్టిన డబ్బు వృథా పోదు. కరెంటు బిల్లు కట్టడానికీ, రైలు టిక్కెట్లు తీసుకోవడానికీ అయితే అక్కర్లేదు. అదీ లెక్క.

ఇక రెండోది. పేచీ అంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరం నుంచి 2005లో ‘దాస్ కీబోర్డ్’ అని ఒకటి బజారులోకి వచ్చింది. ఆపాదమస్తకం నలుపు, ఒక్క అక్షరం లేదు. చూడ్డానికి ఏమీ లేకపోతే చూడ్డం మానేస్తారు, చూడ్డం మానేస్తే వేగం పెరుగుతుంది అన్నది దాని వెనకున్న వాదం. తమాషా ఏమిటంటే, ఆ మొదటిది మెకానికల్ కూడా కాదు. మెకానికల్ స్విచ్చిలు ఆ మరుసటేడు, 2006లో పెట్టారు. అంతకన్న తమాషా, అదే కంపెనీ తర్వాత తర్వాత అక్షరాలున్న కీబోర్డులు కూడా చేసి అమ్మింది. జపానులో ఎయిచి వాదా అనే ప్రొఫెసరుగారి ఆలోచనతో 1996లో పుట్టిన ‘హ్యాపీ హ్యాకింగ్’ కీబోర్డుకి కూడా రాతలేని రకం ఉంది. దాని స్విచ్చిల పద్ధతి వేరు. దాన్ని మెకానికల్ అనాలా వద్దా అని తగువులాడుకునేవాళ్ళు ఉన్నారు, మనకెందుకు.

అయినా చూడకుండా టైపు చెయ్యడం అనేది నిన్నా మొన్నా పుట్టిన విద్య కాదు. రెమింగ్టన్ కంపెనీ మొదటి టైపు మిషను అమ్మకానికి పెట్టింది 1874లో. ఎనిమిదేళ్ళు తిరక్కుండా, 1882లో, సిన్సినాటీ నగరంలో లాంగ్లీ అనే ఒకావిడ అన్ని వేళ్ళతో టైపు చేసే పాఠాలు పుస్తకంగా వేసింది. (ఆడవాళ్ళ పేర్లు చరిత్రలో వెతుక్కుంటే గాని కనపడవు, కనుక ఇక్కడ చెప్పి ఉంచుతున్నాను.) 1888లో అదే ఊళ్ళో ఒక పోటీ జరిగింది. కీలవంక చూడకుండా టైపు చేసే మెక్‌గరిన్ అనే ఆయన అందులో ఎదుటివాణ్ణి ఓడించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆయన మిషను మీద అక్షరాలు లక్షణంగా ఉన్నాయి. ఉన్నాయి, ఆయన చూడలేదు. అంతే!

నేను టైపు నేర్చుకున్నది 1997లో, బి.ఏ. చదువుతూ, మా ఊరి ఇన్‌స్టిట్యూట్‌లో. గోద్రెజ్ మిషను. ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్... సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె... ఇదే జపం నెలరోజులు. చిటికెన వేళ్ళు పచ్చిపుళ్ళు. తల వంచి కీల వంక చూసినవాళ్ళ చేతులమీద మాస్టారు తన తుండుగుడ్డ కప్పేసేవారు. ఆ గుడ్డ కిందే నేను లోయర్ పరీక్షకి తయారయ్యాను. అంటే రాతలేని కీబోర్డు అనే ఈ మహత్తర ఆవిష్కరణ మా మాస్టారి భుజం మీద ఎప్పుడూ ఉండేదన్నమాట! పరీక్ష కాగానే ఆయన గుడ్డ తీసి భుజాన వేసుకునేవారు. ఈ కీబోర్డు మీంచి గుడ్డ తియ్యడానికి వీల్లేదు, అదే తేడా.

ఇప్పుడు మీరడగొచ్చు: చూడకుండా టైపు వచ్చినదానివి, అక్షరాలు లేకపోతే నీకేం నష్టం అని. నేనూ అలాగే అనుకున్నాను. మొదటివారంలోనే తెలిసొచ్చింది. నవల రాస్తున్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది. బ్యాంకు వాళ్ళ పాస్‌వర్డ్ దగ్గర కూలబడ్డాను. మన పాస్‌వర్డులు ఎలా ఉంటాయో మీకు తెలుసుగా. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక పిచ్చి గుర్తు ఉండి తీరాలి. ఆ గుర్తు అయిదంకె మీద ఉందా, ఆరంకె మీద ఉందా? తెరమీద చూద్దామంటే చుక్కలు తప్ప ఏమీ కనపడవు. పైన చుక్కలు, కింద శూన్యం! మూడోసారి తప్పు కొట్టాను. ఖాతాకి తాళం పడింది.

ఇదేమిటి, ఇన్నేళ్ళ విద్య ఏమైపోయింది అని బెంగపెట్టుకున్నాను గాని, దీనికి కారణం ఉంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో ఒక పరిశోధన బయటపెట్టారు. నిమిషానికి సగటున 72 మాటలు కొట్టగల వందమందిని కూర్చోబెట్టి, ఖాళీ కీబోర్డు బొమ్మ చేతికిచ్చి, ఏ అక్షరం ఎక్కడుందో 80 సెకన్లలో రాయమన్నారు. ఇరవయ్యారింటిలో సగటున పదిహేను మాత్రమే సరిగ్గా రాయగలిగారట! అంటే టైపు వచ్చినది వేళ్ళకి, మనకి కాదు. ముగ్గు వేసే చెయ్యి చుక్కలు లెక్కపెట్టుకోదు చూడండి, అలాగ. వేళ్ళు వాటి చోట్లో ఉండి పరుగెడుతున్నంతసేపూ అక్షరాలు అక్కర్లేదు. ఫోను చెవికి ఆనించుకుని ఒంటిచేత్తో ఒక్క అక్షరం కొట్టవలసి వచ్చిందా, పని వేళ్ళని దాటి తలకి వెళ్తుంది. తలకి తెలీదు. అప్పుడు కన్ను కిందికి చూస్తుంది. చూస్తే అక్కడేముంది?

ఎఫ్ మీదా, జె మీదా చిన్న గీతల్లా పొడుచుకొచ్చిన గుర్తులుంటాయి. చూపుడువేళ్ళు చోటు తెలుసుకునేది వాటివల్లే. చూపులేనివాళ్ళు ఏ కీబోర్డు మీదయినా చక్కగా పనిచేసుకునేది వాటి ఆసరాతోనే. అసలు చూడకుండా టైపు చేసేవాళ్ళకి అవసరమైన రాత అంతా ఆ రెండు గీతలే! కొన్ని రాతలేని రకాల్లో అందం కోసం వాటిని కూడా ఎగరగొట్టేస్తారు. ఎవరేం చెప్పినా అలాంటిది మాత్రం కొనకండి.

“అరిగిపోవడానికి అక్షరాలే లేవుగా అత్తా, ఎన్నేళ్ళయినా కొత్తదిలా ఉంటుంది” అంటాడు మా వాడు. నోరే లేదు కనక ఆకలి వెయ్యదు అన్నట్టుంది. చవక కీబోర్డుల మీద అక్షరాలు పైపైన అచ్చు వేస్తారు, కనక చెరిగిపోతాయి, నిజమే. రెండు రంగుల ప్లాస్టిక్కుని పోతపోసి, అక్షరం పైనుంచి లోపలిదాకా దిగేలా చేసే పద్ధతి ఒకటుంది, డబుల్ షాట్ అంటారు. అది అరగదీసినా అక్షరం పోదు. అక్షరం పోతుందని భయమైతే గట్టి అక్షరం కొనుక్కోవాలి గాని, అక్షరమే వద్దంటే ఎలా?

ఇక తెలుగు సంగతి చెప్పకపోతే నేను రాసినదానికి అర్థమే లేదు. రాతలేని కీబోర్డు తరపున ఎవరూ చెప్పని వాదం ఒకటి నాకే తట్టింది. నేను రాసేది తెలుగు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో రాస్తాను. మన దేశపు లిపులన్నిటికీ ఒకే పద్ధతిలో ఉండాలని ఏర్పాటు చేసిన అమరిక అది. గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. అందులో ‘అమ్మ’ అని రాయాలంటే నేను నొక్కేవి ఏమిటో తెలుసా? షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, మళ్ళీ డి, మళ్ళీ సి! డి.టి.పి. చేసేవాళ్ళు ఆపిల్ అమరికనో, మాడ్యులర్‌నో వాడినా కథ ఇదే. కీ మీద ఉన్నదొకటి, తెరమీద పడేదొకటి. తెలుగులో ఇలా టైపు చేసేవాళ్ళందరం ఇన్నాళ్ళూ అబద్ధాల కీబోర్డు మీదే నిజాలు రాసుకుంటున్నాం. మరి ఆ అబద్ధాలు చెరిపేసిన కీబోర్డు మనకే కదా అందరికన్నా ఎక్కువ పనికిరావాలి?

ఒక వారం దీనికే మురిసిపోయాను కూడా. డి సి డి సి అని ఇంగ్లీషులో కనపడకుండా, కీలమీద నా అమ్మ ఒక్కతే ఉన్నట్టు అనిపించింది. రచయిత్రిని కదా, ఇలాంటి అనిపించడాలకి లోటు లేదు. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే వాదం తిరగబడింది. పన్నెండేళ్ళుగా ఆ తప్పుడు అక్షరాల మీదే తెలుగు రాస్తున్నానే, ఏనాడైనా అవి నాకు అడ్డొచ్చాయా? రాలేదు. అంటే అక్షరాలు చూడనివాళ్ళని ఏమీ చెయ్యవని నాకంటే సాక్ష్యం ఎవరు? లేని అడ్డు తొలగించినందుకు నేనెందుకు డబ్బు ఇవ్వాలి? కొత్తగా తెలుగు టైపు నేర్చుకునేవాళ్ళకయితే చెరిపెయ్యడం కాదు, తెలుగు అక్షరాల స్టిక్కర్లు తెచ్చి అతికించి పెట్టడం ఉపకారం.

ఒక్క లాభం మాత్రం ఉంది, దాచడం ఎందుకు. మా కంప్యూటరు హాల్లో ఉంటుంది. అందరిదీ అది. మావారి బిల్లులు, పిల్లల చదువులు, అత్తగారి భజన పాటలు, వీటన్నిటి మధ్య ఖాళీ దొరికితే నా నవల. రాతలేని కీబోర్డు వచ్చాక ఒక్కొక్కరే తప్పుకున్నారు. అత్తగారు వచ్చి చూసి, “ఏమ్మా, దీనిమీద అక్షరాలు నువ్వే గీకేశావా?” అని అడిగి వెళ్ళిపోయారు. పిల్లలు ఫోన్లు పట్టుకున్నారు. ఆ బల్లా, ఆ కుర్చీ నాకు దక్కాయి. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటాక, ‘ఇది నాది, ఇంకెవరికీ చేతకాదు’ అనదగ్గ వస్తువు ఇంట్లో ఒకటి ఉండటం ఎంత బాగుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మా వాడి ఆఫీసులోనూ అంతేనట. పక్కవాడెవడూ వచ్చి ముట్టుకోడట. “అదే దాని గొప్ప అత్తా” అన్నాడు. నిజానికి ఆ కీబోర్డు గురించి నేను విన్న మాటల్లో నిజాయితీ గల మాట అదొక్కటే.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు ఇంటర్ పూర్తిచేసింది. నల్గొండ వైపు వాళ్ళది. రెండేళ్ళుగా ఆదివారాలు వచ్చి మా పాత కీబోర్డు మీద టైపు చేసేది. రెండే వేళ్ళు. అక్షరం వెతుక్కుంటున్నప్పుడు పెదవులు కదిలేవి. నిదానమే గాని తప్పు రాదు. డిగ్రీలో చేరడానికి దరఖాస్తు నింపాలని మొన్న వేసవిలో వచ్చింది. కుర్చీలో కూర్చుంది. కీబోర్డు వంక చూసింది. రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకు రాదులే ఆంటీ, మీరే కొట్టండి” అంది.

పోయిన ఆదివారం వచ్చినది ఈ ఆదివారం రాకుండా ఎలా పోయింది? నేను కూర్చున్నాను. అది పక్కన నిలబడి చెబుతూ ఉంటే నేను టకటకా కొట్టాను. తండ్రి పేరు. కులం. కుటుంబ వార్షికాదాయం అన్న గడి వచ్చింది. హాల్లో మావారు పేపరు చదువుకుంటున్నారు, మా పిల్లలున్నారు. అది నా చెవి దగ్గరికి వంగి అంకె చెప్పింది. నాకు సరిగ్గా వినపడలేదు. “ఎంత?” అన్నాను గట్టిగా. మళ్ళీ చెప్పింది.

తను కొట్టుకుని ఉంటే ఆ అంకె దానికీ కంప్యూటరుకీ మధ్య ఉండిపోయేది.

ఆ రాత్రే మా వాడికి ఫోను చేశాను. కీబోర్డు పారెయ్యక్కర్లేదట. కీల మీద ఉన్నవి టోపీల్లాంటివి, పట్టకారులాంటి చిన్న పనిముట్టుతో లాగితే ఊడి వచ్చేస్తాయి, వేరేవి తొడుక్కోవచ్చు. టోపీలు ఒక సెట్టుగా అమ్ముతారు, రాత ఉన్నవీ, లేనివీ. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఏం పోయిందిరా అన్నాను. కనుక నునుపుగా, నల్లగా, ఏ రాతా లేకుండా ఉంటేనే నా కంటికి అందంగా ఉంటుంది అనేవాళ్ళు, పాపమేమీ లేదు, అందం కోసమే కొంటున్నామని ఒప్పుకుని, అక్షరాలున్న మెకానికల్ కీబోర్డు ఒకటి, రాతలేని టోపీల సెట్టు ఒకటి విడివిడిగా కొనుక్కోండి. అసలు టోపీలు మాత్రం ఏ డబ్బాలోనో భద్రంగా దాచండి. కొత్తవి కొనేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా సెట్లలో వరస వరసకీ టోపీ ఎత్తూ, ఏటవాలూ వేరుగా ఉంటాయి. పైవరస టోపీ కిందివరసకి పెడితే వేలికి ఎగుడుదిగుడుగా తగులుతుంది.

అక్షరాల టోపీలు వారంలో వచ్చాయి. చాప వేసుకుని కూర్చుని, చిక్కుళ్ళు ఒలిచినట్టు ఒక్కొక్కటే ఊడబీకి, కొత్తవి తొడిగాను. రాతలేనివి ఖాళీ ఆవకాయ జాడీలో పోశాను. మూడు రోజులు రాసుకున్నాను, నాకేమీ తేడా తెలియలేదు. ఆదివారం ఆ పిల్ల వచ్చింది. ఫారంలో ఏదో సవరణ చెయ్యాలట. కూర్చుంది, రెండు వేళ్ళూ బయటికి తీసింది, పెదవులు కదిలాయి. జిల్లా పేరు దగ్గర ఆగిపోయింది.

“ఆంటీ, నల్గొండ అని కొడితే బల్గొబ్డ అని వస్తోంది!”

బి టోపీ ఎన్‌కీ, ఎన్ టోపీ బి‌కీ తొడిగి కూర్చున్నాను. మూడు రోజుల్లో పదిహేను పేజీలు రాసిన నాకు కనపడలేదు. పట్టకారు దాని చేతికే ఇచ్చాను.